నివురు కప్పిన నిప్పు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ మీతో మాట్లాడబోయేది ఆవకాయ గురించీ కాదు, అప్పడాల గురించీ కాదు. ఇంట్లో ఓ మూల బల్లమీద కూర్చుని రాత్రీ పగలూ కళ్ళు తెరుచుకునే వుండే కంప్యూటరు గురించి. "అది పిల్లల గొడవ, మగవాళ్ళ గొడవ. మాకెందుకమ్మా!" అని రేడియో కట్టేయకండి. వాడేవాళ్ళు ఎవరైనా కానివ్వండి, నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చూసి నిట్టూర్చేది మనమే కదా! పాలకెంత, పిల్లల ఫీజులకెంత అని లెక్క వేసుకునే చేత్తోనే ఆ బిల్లు కూడా సర్దాలి కదా! అందుచేత దాని సంగతేమిటో మనకూ కాస్త తెలిసి వుండాలి.

అయితే ముందుగా మిమ్మల్ని ఒకసారి మా పుట్టింటికి తీసుకువెడతాను. మాది దుమ్ముగూడెం. భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డు పట్టుకుని ఎగువకు పోతే వస్తుంది. పర్ణశాల చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు ఆ దారి తెలిసే వుంటుంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. వేసవిలో తునికాకు కట్టలు, ఇప్పపూల వాసన. అదీ మా వూరు.

మా చిన్నతనంలో మా ఇంట్లో కట్టెల పొయ్యే. రాత్రి వంట అయ్యాక మా అమ్మ పొయ్యిలోని కట్టెలు వెనక్కి లాగేసి, మిగిలిన నిప్పుల్ని ఒకచోటికి చేర్చి, పైన మెత్తటి బూడిద కప్పేది. చూస్తే పొయ్యి ఆరిపోయినట్టే వుండేది. తెల్లవారుజామున లేచి బూడిద పక్కకు తోసి, నాలుగు ఎండు పుల్లలు వేసి, ఊదుగొట్టంతో రెండు ఊదులు ఊదితే చాలు, మంట లేచేది. అగ్గిపెట్టె పని లేదు, కిరసనాయిలు పని లేదు. "రాత్రంతా మంట పెడితే కట్టెలు దండగ. పూర్తిగా ఆర్పితే పొద్దున్నే రాజేసుకోవడం బాధ. అందుకే కప్పెట్టడం" అనేది అమ్మ.

కంప్యూటరును నిద్రపుచ్చడమంటే అచ్చంగా ఇదేనండీ. ఇంగ్లీషులో దాన్ని స్లీప్ అన్నారు గాని, మన ఆడవాళ్ళు పెట్టి వుంటే 'నిప్పు కప్పెట్టడం' అనే పేరు పెట్టేవారు.

ఎలాగో చెబుతాను వినండి. మన వంటింట్లో గట్టు వుంటుంది, అల్మారా వుంటుంది. పప్పులూ ఉప్పులూ డబ్బాల్లో అల్మారాలో వుంటాయి. వంట మొదలుపెట్టగానే ఆ పూటకు కావలసినవి గట్టుమీదకు తెచ్చి పరుచుకుంటాం. తరిగిన కూరలు, నానబెట్టిన చింతపండు, పోపు గింజలు అన్నీ చేతికి అందేలా వుంటాయి. కంప్యూటరులోనూ అంతే. సామానంతా దాచే అల్మారా ఒకటి వుంటుంది, దాన్ని డిస్కు అంటారు. పని చేసేటప్పుడు సామాను పరుచుకునే గట్టు ఒకటి వుంటుంది, దాన్ని మెమరీ అంటారు, ర్యామ్ అని కూడా అంటారు. మన పిల్లలు రాస్తున్న పాఠం, తెరిచిన బొమ్మ, సగం వేసిన లెక్క అన్నీ ఆ గట్టుమీద వుంటాయి. 'సేవ్' అనే మీట నొక్కితే అల్మారాలోకి చేరతాయి.

ఆ గట్టుకు ఒక విచిత్రమైన గుణం వుంది. కరెంటు వున్నంతసేపే దానిమీద సామాను నిలుస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం గట్టు ఖాళీ! అల్మారాకు ఆ బెంగ లేదు. కరెంటు వున్నా పోయినా దాంట్లో వస్తువు దాంట్లోనే వుంటుంది.

ఇప్పుడు కంప్యూటరును మూడు రకాలుగా వదిలిపెట్టవచ్చు. ఒకటి, అలా వెలుగుతూనే వదిలేయడం. అంటే పొయ్యిమీద గిన్నె లేకపోయినా మంట మండుతూ వుండడం. రెండు, షట్‌డౌన్. అంటే గట్టు మీదివన్నీ సర్దేసి, పొయ్యిమీద నీళ్ళు చల్లి ఆర్పేయడం. మూడోది స్లీప్. ఇందులో తెర ఆరిపోతుంది, లోపలి ఫ్యాను ఆగిపోతుంది, లెక్కలు కట్టే ప్రాసెసరు పడుకుంటుంది, డిస్కు పడుకుంటుంది. ఒక్క గట్టుకు మాత్రం, దానిమీది సామాను చెదిరిపోకుండా, సన్నటి ధారగా కరెంటు అందుతూ వుంటుంది. బూడిద కింద నిప్పులా అన్నమాట. మళ్ళీ ఒక మీట నొక్కగానే నాలుగైదు సెకన్లలో ఎక్కడ ఆపామో అక్కడే పని కళ్ళముందు కనబడుతుంది.

దీనివల్ల ఒరిగేదెంత అంటారా? లెక్క చూద్దాం. ఇంట్లో వాడే మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు, తెరతో కలిపి, ఏ పనీ చేయకుండా వూరికే వెలుగుతూ వుంటే సుమారు 75 వాట్లు తీసుకుంటుందనుకోండి. కొన్ని ఇంతకంటే తక్కువ, కొన్ని ఎక్కువ. 75 వాట్లంటే ఎంత? పాతరకం సీలింగు ఫ్యాను ఒకటి తిరుగుతున్నంత. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరుగుతూ వుంటే మనం వూరుకుంటామా? "ఎవడ్రా ఫ్యాను వేసి పోయిందీ!" అని ఇల్లు ఎగరగొట్టమూ? కంప్యూటరు మాత్రం చప్పుడు చేయదు కాబట్టి దాని జోలికి పోం.

ఆ కంప్యూటరు రోజుకు 12 గంటలు పని లేకుండా వెలిగిందనుకోండి. 75ని 12తో హెచ్చవేస్తే 900. వెయ్యి అయితే ఒక యూనిట్. అంటే రోజుకు దగ్గర దగ్గర ఒక యూనిట్, నెలకు 27 యూనిట్లు. అదే కంప్యూటరు ఆ 12 గంటలూ నిద్రపోతే రమారమి 3 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నెలకు ఒక్క యూనిట్ అవుతుంది. 27 ఎక్కడ, 1 ఎక్కడ!

ల్యాప్‌టాప్ అయితే ఇంత తినదు. వూరికే వుంటే 10 నుంచి 20 వాట్లు, నిద్రపోతే ఒక వాటు అటూ ఇటూ. కాబట్టి అక్కడ లాభం తక్కువే. అయినా మూత వేస్తే చాలు, చాలావాటికి దానంతటదే నిద్ర పడుతుంది గనక మనకు కష్టమూ లేదు.

నా లెక్క నమ్మనక్కరలేదు, మీ ఇంటి మీటరునే అడగండి. కొత్తరకం మీటర్ల మీద చిన్న ఎర్రదీపం మినుకుమంటూ వుంటుంది. ఎన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయ్యేదీ మీటరు మీదే అచ్చువేసి వుంటుంది. అది 3200 అని వుందనుకుందాం. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో అన్నీ పది నిమిషాలపాటు కట్టేసి, ఒక్క కంప్యూటరు వెలిగించి మీటరు దగ్గర నిలబడండి. 75 వాట్లయితే నిమిషానికి నాలుగుసార్లు కన్ను కొడుతుంది. తరవాత కంప్యూటరును నిద్రపుచ్చి చూడండి. ఆరు నిమిషాలకు ఒక్కసారి గాని కొట్టదు. పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని చేయండి. మనం వందసార్లు చెప్పినా వినని పిల్లలు ఆ దీపం చెబితే వింటారు.

ఈ పాతిక యూనిట్లు ఒక లెక్కా అనుకునేరు. ఖమ్మంలో మా వీధిలో ఒక చెల్లెలు వుంది. బట్టలు కుట్టి సంసారం నడుపుకుంటుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. దానికోసం సెకండ్‌హ్యాండ్‌లో ఒక కంప్యూటరు కొన్నారు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద, అర్హత వున్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది కదా. వీళ్ళకూ అలాగే వచ్చేది. 200 దాటితే మాత్రం ఆ దాటినవాటికే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. ఒక నెల వాళ్ళ మీటరు 211 చూపించింది. వెయ్యి రూపాయలు పైచిలుకు బిల్లు వచ్చింది. "పదకొండు యూనిట్లకు వెయ్యి రూపాయలా అక్కా! పదిహేను జాకెట్లు కుడితే గాని రాదే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇద్దరం కూర్చుని ఇంట్లో ఏవేవి ఎంతసేపు వాడుతున్నారో రాసుకున్నాం. ఫ్రిజ్జు మానడానికి లేదు. కుట్టుమిషను మోటారు అన్నం పెట్టేది. చివరికి ఆ పిల్లే నోరు విప్పింది. "కాలేజీకి వెళ్ళేటప్పుడు కట్టేయను పెద్దమ్మా. మళ్ళీ తెరవాలంటే పాతది కదా, చాలాసేపు పడుతుంది. అన్నీ మొదటినుంచి తెరుచుకోవాలి" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. పొద్దున్నే పొయ్యి రాజేయడం బాధ గనక రాత్రంతా మంట పెట్టింది, అంతే. నిప్పు కప్పెట్టవచ్చని తెలియలేదు. ఆ సాయంత్రమే నేర్చుకుంది. మరుసటి నెల మళ్ళీ సున్నా బిల్లు వచ్చింది.

ఆ పథకం వర్తించని ఇళ్ళలో కూడా, వాడకం పెరిగే కొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. కాబట్టి అంచున వున్న ఆఖరి పాతిక యూనిట్లే మనకు అన్నిటికంటే ఖరీదైన యూనిట్లు. ఆదా అక్కడే చెయ్యాలి.

ఇంతవరకూ చెప్పి వూరుకుంటే సగం చెప్పినట్టే. నిప్పు కప్పెట్టడంలో ప్రమాదం కూడా వుంది. అది నేను నా తప్పువల్లే తెలుసుకున్నాను.

దుమ్ముగూడెంలో మా వదిన పొదుపు సంఘం లెక్కలు చూస్తుంది. అన్నయ్య కొన్న కంప్యూటరులో ఎక్కించడం కూడా నేర్చుకుంది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు, మధ్యలో వంటకు లేచిపోతూ దాన్ని అలాగే వదిలేస్తోందని చూసి, "వదినా, ఇలా నిద్రపుచ్చి వెళ్ళు" అని చూపించి, పెద్ద పని చేసినట్టు మురిసిపోయి వచ్చాను. ఆషాఢంలో ఒకనాడు గాలివాన. మా వూళ్ళో గాలివాన వస్తే ఎక్కడో అడవిలో ఒక కొమ్మ విరిగి లైను మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఆ రోజు రాత్రంతా రాలేదు. పొద్దున చూస్తే, ముందురోజు కూర్చుని ఎక్కించిన పన్నెండుమంది పొదుపు, ఇద్దరి అప్పు వాయిదాలు అన్నీ పోయాయి. వదిన నాకు ఫోను చేసి, కోపం కూడా పడకుండా, "నువ్వు చెప్పినట్టే చేశాను కదమ్మా, మరిలా అయిందేం?" అని అడిగింది. నా తల కొట్టేసినట్టయింది.

ఏమయిందో మీకు ఈపాటికి తెలిసే వుంటుంది. వదిన సేవ్ చేయకుండా నిద్రపుచ్చింది. సామాను గట్టుమీదే వుంది. సన్నధార కరెంటు కూడా ఆగిపోయేసరికి గట్టు ఖాళీ అయింది. నిద్రపుచ్చడం చూపించాను గాని, ముందు సేవ్ చెయ్యమని నేను చెప్పలేదు. అదృష్టం బాగుండి ఆవిడ పుస్తకంలో కూడా రాసుకునే అలవాటు మానలేదు. ఆ పుస్తకం చూసి రెండు సాయంత్రాలు కూర్చుని మళ్ళీ ఎక్కించింది. అది లేకపోతే పన్నెండుమంది ఆడవాళ్ళ ముందు ఏమని సమాధానం చెప్పుకునేది? పైసా పైసా కూడబెట్టుకున్న డబ్బు లెక్క అది!

ఈ చిక్కుకు విరుగుడుగా ఇంకోరకం నిద్ర వుంది. దాని పేరు హైబర్నేట్. చలిదేశాల్లో కొన్ని ఎలుగుబంట్లు శీతాకాలమంతా గుహల్లో పడుకుంటాయట, ఆ దీర్ఘనిద్ర పేరే దీనికి పెట్టారు. మన అడవుల్లో ఎలుగుబంట్లకు ఆ అలవాటు లేదు లెండి. ఈ పద్ధతిలో కంప్యూటరు గట్టుమీది సామానంతా ఏది ఎక్కడుందో అలాగే అల్మారాలోకి ఎత్తిపెట్టి, పూర్తిగా ఆరిపోతుంది. గోడ స్విచ్చి కట్టేసినా భయం లేదు. మళ్ళీ తెరిచినప్పుడు అన్నీ తిరిగి గట్టుమీద పరుస్తుంది. కాకపోతే లేవడానికి మామూలు నిద్రకంటే కాస్త ఎక్కువసేపు పడుతుంది. కొన్ని డెస్క్‌టాప్‌లలో రెండూ కలిసిన హైబ్రిడ్ స్లీప్ కూడా వుంటుంది. అల్మారాలో ఒక నకలు పెట్టుకుని మరీ నిద్రపోతుంది. మా వదిన కంప్యూటరులో అది లేదు. ఇప్పుడు హైబర్నేట్ పెట్టించాం.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది. ఓ గంటా రెండు గంటలు లేచి వెడుతుంటే స్లీప్. కూరగాయలకు వెళ్ళినా, వంటకు లేచినా, మధ్యాహ్నం కునుకు తీసినా అదే. రాత్రికి, లేదా ఏదైనా వూరు వెడుతుంటే, లేదా మబ్బు పట్టి కరెంటు పోయేలా వుంటే హైబర్నేట్ గాని షట్‌డౌన్ గాని. దేనికైనా ముందు సేవ్. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ వుంది గనక కరెంటు పోగానే ఏమీ కాదు. అయితే నిద్రపోతున్న ల్యాప్‌టాప్‌ను అలాగే సంచీలో కుక్కి బస్సెక్కకండి. కొన్ని కొత్తరకాలు నిద్రలో కూడా అప్పుడప్పుడు లేచి తమ పనులు చేసుకుంటాయి. సంచీలో గాలి ఆడక వేడెక్కుతాయి, బ్యాటరీ కూడా అయిపోతుంది. ప్రయాణానికి పూర్తిగా కట్టేయడమే మేలు.

ఇంకో మాట. నిద్రపోతున్న డెస్క్‌టాప్‌కు గోడ స్విచ్చి కట్టేయకూడదు. మా అత్తగారికి రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ కట్టేయడం అలవాటు. మంచి అలవాటే. కాని కంప్యూటరు స్విచ్చి కట్టేస్తే వదిన కథే పునరావృతం అవుతుంది. అందుకని మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. కంప్యూటరు మీద చిన్న గుడ్డ కప్పి వుంటే పూర్తిగా ఆగినట్టు, స్విచ్చి కట్టవచ్చు. గుడ్డ లేకపోతే ముట్టకూడదు. ఆవిడకు ఒక్కసారి చెప్పాను, ఏనాడూ పొరపడలేదు. పిల్లలే గుడ్డ కప్పడం మరిచిపోతారు.

ఇక దీన్ని అమర్చుకోవడం ఎలాగంటే, ఏమీ బ్రహ్మవిద్య కాదు. విండోస్ వున్న కంప్యూటరులో స్టార్ట్ నొక్కి, పవర్ గుర్తు నొక్కితే స్లీప్, షట్‌డౌన్, రీస్టార్ట్ అని కనబడతాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనేచోట పవర్ అని వుంటుంది. తెర ఎన్ని నిమిషాలకు ఆరిపోవాలో, కంప్యూటరు ఎన్ని నిమిషాలకు నిద్రపోవాలో అక్కడ చెప్పిపెట్టవచ్చు. తెరకు 5 నిమిషాలు, నిద్రకు 15 నిమిషాలు పెడితే ఇంటి వాడకానికి బాగుంటుంది. ఇక మనం మరిచినా అది మరవదు. హైబర్నేట్ మాత్రం మొదట కనబడకుండా వుండవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, పవర్ మీటలు ఏంచేయాలో ఎంచుకునేచోట టిక్కు పెడితే అదీ ఆ వరసలోకి వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసుకుని పిల్లల చేతిలో పెట్టండి. రెండు నిమిషాల్లో చేసిపెడతారు.

తెరమీద చేపలు ఈదుతుంటాయి, పూలు రాలుతుంటాయి. దాన్ని స్క్రీన్ సేవర్ అంటారు. సేవర్ అన్నారు గదా, కరెంటు సేవ్ చేస్తుందేమో అని చాలామంది అనుకుంటారు. చేయదు! పాతకాలపు గాజుగొట్టం తెరలమీద ఒకే బొమ్మ గంటల తరబడి వుంటే దాని మచ్చ పడిపోయేది. అలా మచ్చ పడకుండా బొమ్మను కదిలించడానికి పుట్టింది అది. చేపలు ఈదినా తెర వెలుగుతూనే వుంటుంది, కరెంటు కాలుతూనే వుంటుంది. ఇప్పటి తెరలకు దాని అవసరం లేదు. తెర ఆరిపోవడమే పొదుపు.

"మాటిమాటికీ నిద్రపుచ్చి లేపితే మిషను చెడిపోదా?" అని అడిగారు ఒకావిడ. ఇప్పటి కంప్యూటర్లను అలా పడుకుని లేవడానికే తయారుచేస్తున్నారు. రోజుకు నాలుగుసార్లు నిద్రపుచ్చినా భయంలేదు. "లేచేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుందట కదా?" అని ఇంకొకరు. లాగినా అది కొన్ని సెకన్ల ముచ్చట. రెండు మూడు నిమిషాల నిద్రతోనే ఆ లెక్క సరిపోతుంది. అయితే నెలల తరబడి నిద్రలోనే వుంచడం కూడా మంచిది కాదు. వారానికి ఒకసారైనా పూర్తిగా కట్టేసి మళ్ళీ తెరిస్తే కొత్త మార్పులన్నీ సరిగ్గా కూర్చుంటాయి. మనం ఆదివారం తలంటుకున్నట్టు దానికీ ఒక రోజు పెట్టండి.

ఈ నిద్ర ఏర్పాటు దానంతటది రాలేదు. ఆఫీసుల్లో కంప్యూటర్లు పెరిగి, అవి రాత్రిళ్ళు కూడా వెలుగుతూ వుండడం చూసి, 1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ అనే గుర్తు ప్రవేశపెట్టింది. మొదట ఆ గుర్తు ఇచ్చింది కంప్యూటర్లకూ తెరలకే. పని లేనప్పుడు తమంతట తాము తక్కువ కరెంటులోకి దిగిపోవాలన్నది షరతు. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి, ఏ కంపెనీ కంప్యూటరైనా ఒకే పద్ధతిలో పడుకుని ఒకే పద్ధతిలో లేచేలా నియమాలు రాశాయి. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, పని లేకుండా వున్న ఏ ఇంటి పరికరమైనా ఒక వాటుకు మించి తినకూడదని దేశాలకు సూచించింది. మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఫ్రిజ్జులమీదా ఏసీలమీదా మనం చూసే నక్షత్రాల చీటీలు 2006 నుంచి దాని చలవే.

ఒక్క కంప్యూటరే కాదు, ఇంట్లో ఇలాంటి దొంగనిద్ర సామాను ఇంకా వుంది. టీవీ రిమోటుతో ఆపేస్తాం గాని, కిందనున్న సెట్‌టాప్ బాక్సు చేత్తో ముట్టుకుని చూడండి, వెచ్చగా వుంటుంది. అది నిద్రపోవడం లేదు, కళ్ళు మూసుకుని తింటోంది. పడుకునే ముందు దానికి గోడ స్విచ్చి కట్టేయవచ్చు. ఇంటర్‌నెట్ రౌటరు 6 వాట్లదైనా నెలంతా వెలిగితే నాలుగు యూనిట్లు దాటుతుంది. రాత్రిపూట ఎవరికీ అవసరం లేకపోతే దాన్నీ కట్టేయండి.

చివరగా, ఈ కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఒక్కసారి తలుచుకుందాం. మా దుమ్ముగూడెం దగ్గర గోదావరి మీద పాత ఆనకట్ట వుంది. 19వ శతాబ్దంలో, సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టినట్టు గోదావరి మీద ఎగువదాకా పడవలు నడపాలని కట్టిన ఆనకట్ట అది. పడవల రోజులు పోయాయి. ఆ ఆనకట్ట దగ్గరే తరవాత చిన్న జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. నీళ్ళున్నప్పుడు అది తిరుగుతుంది. కాని మన ఇళ్ళలో వెలిగే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఆ బొగ్గు కూడా మా వైపుదే. గోదావరి అవతలి ఒడ్డున మణుగూరు గనులు. అక్కడే భద్రాద్రి విద్యుత్ కేంద్రం, 1080 మెగావాట్లది, 2022 నాటికి పూర్తయింది. కాస్త దూరంలో పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ స్టేషను 1966 నుంచి కరెంటు ఇస్తోంది. అక్కడి పాత యూనిట్లు ఆగిపోయాక వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. కొత్త యూనిట్లు నడుస్తున్నాయి.

ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. మన కంప్యూటరు నెలకు దండగ చేసే 26 యూనిట్లకు 15 నుంచి 18 కిలోలు. ఏడాదికి రమారమి రెండు క్వింటాళ్ళు! ఎవరో గనిలో దిగి తవ్వి, రైలెక్కించి, పొడిచేసి కాల్చి, ఆ పొగా బూడిదా అక్కడివాళ్ళ ఇళ్ళమీద వదిలి మనకు పంపిన కరెంటు అది. ఎవరూ చూడని తెరమీద చేపలు ఈదించడానికా ఇదంతా?

మొన్న దుమ్ముగూడెం వెళ్ళినప్పుడు, వదిన లెక్కలు చూసుకుంటూ మధ్యలో లేచి, సేవ్ నొక్కి, హైబర్నేట్ నొక్కి, తెర ఆరేదాకా నిలబడి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళింది. మా అమ్మ వసారాలో కూర్చుని చూస్తోంది. పెద్దదైపోయింది, చూపు సరిగా ఆనడం లేదు. "ఆర్పేసిందా?" అని అడిగింది నన్ను. "ఆర్పలేదమ్మా, కప్పెట్టింది" అన్నాను. "అదీ!" అంది, ఇంకేమీ అడగలేదు. ఆవిడకు అంతకంటే వివరం అక్కర్లేకపోయింది.

ఈ పూట కార్యక్రమం అయ్యాక మీరూ ఒకసారి లేచి, ఆ గదిలోకి తొంగిచూడండి. ఎవరూ లేకుండా అది వెలుగుతూ వుంటే ముందు సేవ్ చేసి, తరవాత నిద్రపుచ్చండి. శలవు.